పట్టమునకు సాక్షి యెవరు?



క్రీస్తుశకము ఏడవ శతాబ్దిలో చీనాదేశమునుండి వచ్చి నలందా మహావిహారమున చదివిన హ్యూయన్‌త్సాంగు తన యాత్రావృత్తాంతమున రెండు విశేషములను వ్రాసియున్నాడు. మొదటిది: అచటి శాస్త్రచర్చలలో పాల్గొనగోరి వచ్చినవారిని ద్వారమువద్దనే కఠినమైన ప్రశ్నలడిగెడివారు, ఉత్తరము చెప్పజాలక వెనుదిరిగినవారే యెక్కువ. రెండవది: నలందాలో చదువకయే చదివితిమని చెప్పుకొని, ఆ పేరుతో పరదేశములలో గౌరవము పొందెడివారును కొందఱుండిరి. అనగా లోనికి వచ్చు మనుష్యునకు కావలి యుండెను గాని, బయటికి పోవు పేరునకు కావలి లేకుండెను.

పదునాలుగు వందల యేండ్లు గడచినవి. ఆ రెండవ కావలిని గూర్చిన చింత నేటికిని తీఱలేదు. విశ్వవిద్యాలయము తానిచ్చు పట్టములకును మార్కుల పత్రములకును ఎట్టి భద్రమైన ధ్రువీకరణపద్ధతి నెన్నుకొనవలెననుటయే నేటి నా ప్రసంగవిషయము. ఇది కంప్యూటరు పండితులకు మాత్రమే సంబంధించినదని తలపవలదు. బిడ్డను చదివించిన ప్రతి తండ్రికిని, తల్లికిని దీనితో పని యున్నది.

నాకు తెలిసిన యొక సంగతి ముందు మనవి చేసెదను. నాయొద్ద పదవతరగతి చదివిన బాలిక యొకతె, మగ్గము నేయు కుటుంబమున పుట్టినది, పై చదువులు చదివి పట్టము పొందినది. వేఱొక రాష్ట్రమున నామె కుద్యోగము వచ్చెను. ఉద్యోగమిచ్చువారు పట్టము నిజమా కాదా యని విశ్వవిద్యాలయమునకు వ్రాసిరి. ఈ పేరుగల విద్యార్థిని మా దస్తరములలో లేదని బదులు వచ్చెను. కారణమేమనగా, ఆంగ్లాక్షరములతో వ్రాసిన యామె యింటిపేరునందు ఒక్క యక్షరము రిజిస్టరులో జాఱిపోయినది. ఆ యక్షరమును మరల చేర్చుటకు నాలుగు మాసములు పట్టినది. అంతలో నా యుద్యోగము మఱియొకరి పాలైనది. ఆమె మా యింటి యరుగుమీద కూర్చుండి యడిగిన ప్రశ్న నేటికిని నా చెవిలోనున్నది: “మాస్టారూ, నేను చదవలేదని వాళ్లే రాశారండీ. ఇంక చదివానని ఎవరు చెప్పాలండీ?”

కావున నీ విషయమునందు భద్రత యనుమాటకు రెండర్థములు గలవు. దొంగ పట్టమును పట్టుకొనుట యొకటి. నిజమైన పట్టమును అబద్ధము కానీయకుండుట రెండవది. అమ్మకమునకు వచ్చు కంపెనీలవారు మొదటిదానిని గూర్చియే చెప్పుదురు. విశ్వవిద్యాలయము రెండింటిని తూచవలెను.

మన దేశమున పట్టమిచ్చు నధికారము ఎవరికి గలదో 1956వ సంవత్సరపు విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టము ఇరువదిరెండవ విభాగమున నిర్ణయించినది. అధికారము లేకయే విశ్వవిద్యాలయమను పేరు పెట్టుకొన్నవారి పట్టికను ఆ సంఘమువారు ప్రకటించుచుందురు. అట్టివారిని గుర్తించుట కొంత సులభమే. నిజమైన విశ్వవిద్యాలయపు పేరును, ముద్రను, సంతకమును అనుకరించి చేసిన పత్రమును గుర్తించుటయే కష్టము. ఏలయన నిట మూడు పక్షములు గలవు: పట్టమిచ్చినవారు, పొందినవారు, చూచి నమ్మవలసినవారు. మొదటి యిద్దఱికి నిజము తెలియును. మూడవవానికి తెలియదు. అతడు వేయి క్రోసుల దూరమున నుండవచ్చును. ఆ విశ్వవిద్యాలయపు పేరే యంతకుముందు వినియుండకపోవచ్చును. అతనికి సాక్షి కావలెను. ఆ సాక్షి యెవరు?

మొదటి సాక్షి కాగితము. కాగితమున జలచిహ్నము, మెఱయు హోలోగ్రాము, కంటి కానని సూక్ష్మాక్షరములు, అతినీలలోహిత కాంతియందు మాత్రమే కనబడు సిరా మొదలగు రక్షణములను కూర్చవచ్చును. ఇవి మంచివే. కాని మూలపత్రము చేతిలో నున్నప్పుడే, చూచువాడు చూడనేర్చినప్పుడే యివి పనికివచ్చును. నేడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టువాడు పత్రమునకు ఛాయాచిత్రము తీసి పంపుచున్నాడు. ఆ చిత్రములో జలచిహ్నము లేదు, హోలోగ్రాము మెఱయదు. కావలివాండ్రందఱు ఇంటనే యుండగా యజమాని యొక్కడే ప్రయాణమైనట్లున్నది.

రెండవది క్యూఆర్ చదరము. గళ్లనుడికట్టువలె నలుపు తెలుపు గడులతో నుండు నీ చదరమును జపానులో డెన్సో వేవ్ అను సంస్థవారు 1994లో మోటారుకార్ల భాగములను గుర్తుపట్టుటకై కల్పించిరి. నేడు పట్టములపై దీనిని ముద్రించి, ఇక మోసమునకు తావులేదని సంతోషించువారు గలరు. అది పొరపాటు. సాధారణముగా నీ చదరము సాక్షి కాదు. సాక్షి యింటికి త్రోవచూపు కైమరము మాత్రమే. దొంగపత్రము చేసినవాడు తన చదరమును తానే ముద్రించుకొని, విశ్వవిద్యాలయపు పుటవలె కనబడు పుటను అంతర్జాలమున కట్టి, అచ్చటికే మనలను తీసికొనిపోగలడు. కనుక చదరము చూపిన పుట ఎవరిదో చిరునామా చదివి తెలిసికొనవలెను. మన దేశమున విద్యాసంస్థలకు మాత్రమే యిచ్చు ‘ఏసీ డాట్ ఇన్’ అను చిరునామాలను ఎర్నెట్ ఇండియా సంస్థ నమోదు చేయుచున్నది. విశ్వవిద్యాలయము తన సాక్షిని తన యింటనే, తన చిరునామాయందే నిలుపవలెను. ఏదో యొక కంపెనీ చిరునామాయందు కాదు.

మూడవది ప్రభుత్వ నిక్షేపశాల. 2015లో డిజిలాకర్ వెలసినది. 2017లో నేషనల్ అకడమిక్ డిపాజిటరీ యను విద్యాపత్రముల నిక్షేపము ప్రారంభమైనది. మొదట రెండు సంస్థలు దానిని నడిపినవి; తరువాత నది డిజిలాకర్‌లోనికి చేరినది. విశ్వవిద్యాలయము పట్టమును తానే నేరుగా నచట నుంచును; విద్యార్థి దానిని చూడవచ్చును, అవసరమైనవారికి చూపవచ్చును. ఇట్లు జారీయైన పత్రములు మూలపత్రములతో సమానములని నియమములు చెప్పుచున్నవి. కాగితము చెదలకు, వఱదకు, అగ్నికి లోబడును గాని, యిది లోబడదు. పేదవిద్యార్థికిది గొప్ప మేలు. నకలు పత్రముకొఱకు బస్సుఛార్జీలు పెట్టుకొని విశ్వవిద్యాలయపు వరండాలలో నిలువబడు దినములు తగ్గును.

నాలుగవది డిజిటల్ సంతకము. ఇది తక్కిన సాధనములకెల్ల వెన్నెముక వంటిది గనుక కొంచెము వివరించెదను. మన ప్రాచీనులు వేదపాఠమున నొక్క యక్షరమైన మాఱకుండుటకై పదము, క్రమము, జట, ఘనము అను పాఠములను ఏర్పఱచిరి. ఋక్కులను, పదములను, అక్షరములను లెక్కించి అనుక్రమణికలలో చేర్చిరి. లెక్క తప్పినచో పాఠము తప్పినదని తెలియును. డిజిటల్ సంతకమునకు మొదటిమెట్టు ఇట్టి లెక్కయే. పత్రమునంతయు నొక గణితప్రక్రియకు లోబఱచి, దానినుండి చిన్న సంక్షిప్తాంకమును తీయుదురు. పత్రమున ఒక్క యక్షరము మార్చినను ఆ యంకము పూర్తిగా మాఱిపోవును.

రెండవమెట్టు ముద్ర వేయుట. 1976లో డిఫీ, హెల్‌మన్ అనువారును, 1977లో రివెస్ట్, షామిర్, ఏడెల్‌మన్ అనువారును చూపిన మార్గమున, ఒకదానికొకటి జతయైన రెండు తాళపుచెవులను కల్పింతురు. ఒకటి రహస్యము, విశ్వవిద్యాలయమొద్దనే యుండును, సంతకము దానితో చేయుదురు. రెండవది బహిరంగము, లోకమంతటికిని ప్రకటింతురు, ఆ సంతకము నిజమైనదో కాదో దానితో ఎవరైనను పరీక్షింపవచ్చును. పరీక్షించువానికి సంతకము చేయుట మాత్రము చేతకాదు. మన దేశమున 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఇట్టి సంతకములకు న్యాయసమ్మతి నిచ్చినది. ఇట్లు సంతకము చేసిన పత్రము ఛాయాచిత్రము కాదు. ఎక్కడికి పోయినను తన కావలిని తనతో తీసికొనిపోవును. సంతకమును, ముఖ్యవివరములను క్యూఆర్ చదరమునందే యిమిడ్చినచో, కైమరముగా నుండిన యా చదరము తానే సాక్షియగును.

ఐదవది బ్లాక్‌చెయిన్. దీనిని గూర్చి నేడు మిక్కిలి హడావుడిగా చెప్పుచున్నారు. లెక్కలను గొలుసువలె నొకదానికొకటి తగిలించి, పలువురి యొద్ద ప్రతులుంచినచో, ఏ యొక్కడును వెనుకటి లెక్కను దొంగతనముగా దిద్దజాలడు, సారాంశమిదియే. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమువారు 2017లో నూటపదునొకండుగురు పట్టభద్రులకు ఈ విధానమున పట్టములిచ్చి పరీక్షించి చూచిరి. దీని గుణమును కాదనను. కాని ఒక మాట గుర్తుంచుకొనవలెను. గొలుసు తప్పుడు లెక్కను దిద్దనీయదు. తప్పుగా నెక్కిన లెక్కను సరిదిద్దనీయదు కూడ. నా శిష్యురాలి పేరు అక్షరలోపముతో నా గొలుసున నెక్కియుండినచో, ఆ లోపము శిలాశాసనమైయుండెడిది. అదియునుగాక, 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తన వివరములను సవరింపించుకొను హక్కును, తుడిపించుకొను హక్కును వ్యక్తికి గుర్తించినది. పేర్లను, మార్కులను చెరపరాని గొలుసున నెక్కించుట దీనికి పొసగదు. ఎక్కించినచో సంక్షిప్తాంకములను మాత్రమే యెక్కింపవలెను. నామట్టుకు నాకు తోచునది యేమనగా, పట్టమిచ్చు నధికారము ఒక్క విశ్వవిద్యాలయమునకే యున్నప్పుడు, దాని సంతకమే చాలును. గొలుసు తప్పనిసరి కాదు.

ఇక సాధనము ఏదైనను తప్పక చూడవలసిన సంగతులు నాలుగు గలవు.

మొదటిది తాళపుచెవి. రహస్యపు చెవి పోయినచో ముద్రయుంగరము పోయినట్లే. దొంగ వేసిన సంతకమునకును, రిజిస్ట్రారుగారు వేసిన సంతకమునకును భేదముండదు. ఉపాధ్యాయులమైన మాకు ప్రశ్నపత్రముల కట్టలను పోలీసు ఠాణాలో భద్రపఱచి, పరీక్షనాటి యుదయమున సాక్షులయెదుట తెఱచుట అలవాటు. ఒక్క దినపు పరీక్షకే యింత జాగ్రత్త చూపుదుము. వేలకొలది పట్టములకు ప్రాణమైన తాళపుచెవి మాత్రము ఏ గుమాస్తాగారి మేజా సొరుగులోనో పడియుండుట తగునా? దానిని అందుకై ప్రత్యేకముగా నిర్మించిన భద్రయంత్రములోనే యుంచి, ఇద్దఱధికారులు కలిసిననే గాని సంతకము పడకుండునట్లు ఏర్పాటు చేయవలెను. ఖజానాలోని రెండు తాళముల పద్ధతియే యిది.

రెండవది దీర్ఘాయువు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లోను వెలసినవి. ఇరువదియేండ్ల వయస్సున పట్టము పొందినవానికి అరువదియేండ్ల వరకును దానితో పనియుండును. కంప్యూటరు ముద్రల కంత యాయువు లేదు. ఒకప్పుడు లోకమంతట నమ్మిన షా-1 అను సంక్షిప్తాంక పద్ధతియందు, రెండు వేఱు పత్రములకు ఒకే యంకము వచ్చునట్లు చేయవచ్చునని 2017లో పండితులు చేసి చూపిరి. సంతకపు యోగ్యతాపత్రములకును కొన్ని యేండ్లే గడువు. కావున సంతకము పడిన కాలమును తెలుపు విశ్వసనీయమైన కాలముద్ర యుండవలెను. పాత పద్ధతి బలహీనమైనప్పుడు పాత పట్టములకు క్రొత్త సంతకము వేయు నేర్పాటుండవలెను. క్వాంటమ్ కంప్యూటరులకు లొంగని సంతకపద్ధతులకు అమెరికా ప్రమాణసంస్థ 2024లోనే ప్రమాణములను ప్రకటించినది. ఇప్పటి తాళమును రేపు మార్చుటకు వీలున్నదా యని నేడే యడుగవలెను. అట్లే కంపెనీ మూతబడినను పట్టములు బ్రదుకవలెను. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు ధ్రువపఱుపదగిన పత్రముల రూపమునకు 2019లో ప్రమాణమును, 2025లో దాని రెండవ కూర్పును వెలువరించిరి. ఎవరి సొత్తును కాని యిట్టి ప్రమాణమును అనుసరించినచో, ఒక కంపెనీ పోయినను మఱియొకరి సాధనముతో పట్టములను చదువవచ్చును.

మూడవది రద్దు. హర్షచక్రవర్తి మధుబన్ తామ్రశాసనమున నొక చక్కని ఉదంతమున్నది. వామరథ్యుడను బ్రాహ్మణుడు సోమకుండకమను గ్రామమును కూటశాసనముతో, అనగా దొంగశాసనముతో అనుభవించుచుండెను. రాజు ఆ రేకును విఱుగగొట్టించి, గ్రామమును వేఱిద్దఱికి దానము చేసి, ఆ సంగతినంతయు క్రొత్త శాసనమున వ్రాయించెను. రేకు ఒక్కటే గనుక విఱిచిన చాలెను. నేటి పత్రమునకు ప్రతులు వేలు. కావున రద్దుచేసిన పట్టముల పట్టిక విశ్వవిద్యాలయమొద్ద నుండవలెను. పరీక్షించువాడు సంతకమునే గాక ఆ పట్టికను కూడ చూడగలుగవలెను. రద్దు చేయునప్పుడు హర్షునివలె కారణమును వ్రాసి పెట్టవలెను. విద్యార్థికి ముందు తెలుపవలెను. అతడు చెప్పుకొనునది వినవలెను.

నాలుగవది రిజిస్టరు. ఇది చివర చెప్పినను అన్నిటికంటె ముఖ్యమైనది. సంతకము ‘ఈ పత్రము మాఱలేదు’ అని చెప్పును. ‘ఇందులోనిది నిజము’ అని చెప్పదు. అబద్ధమునకు కూడ చక్కని సంతకము వేయవచ్చును. మార్కుల నెక్కించు గది తలుపు తెఱచియుండగా, పట్టమునకు ఎన్ని తాళములు వేసిన నేమి ప్రయోజనము? ఎవరు, ఎప్పుడు, ఏ యంకెను మార్చిరో చెరపరాని చిట్టా యుండవలెను.

పేర్ల సంగతి మన తెలుగువారికి మఱింత చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పదవతరగతి పత్రమున ఇంటిపేరు పూర్తిగా నుండును. కళాశాలలో దానిని ఒక్క యక్షరమునకు కుదింతురు. ఆధారుపత్రమున వెనుకకు త్రిప్పుదురు. వివాహమైన పిమ్మట స్త్రీలకది మాఱనువచ్చును. తెలుగు పలుకును ఆంగ్లాక్షరములలో నెవరికి తోచినట్లు వారు వ్రాయుదురు. ఈ నాలుగు పేర్లు గలది యొక్క మనిషియేయని ఊరివారెఱుగుదురు గాని, కంప్యూటరెఱుగదు. పేరు సరిపోలనిచో నిక్షేపశాలనుండి పత్రము రాదు. కావున పట్టము ముద్రించుటకు ముందే విద్యార్థికి తన వివరములను చూపి, పదవతరగతి పత్రముతో సరిపోల్చుకొనుమని, తప్పున్న దిద్దించుకొనుమని గడువీయవలెను. ఇందులకు పెద్ద యంత్రములక్కఱలేదు. కొంచెము ఓపిక కావలెను.

ఇవి యన్నియు విన్నపిమ్మట నీ సలహా యేమని మీరడుగవచ్చును. నాకు తోచినది చెప్పెదను. విశ్వవిద్యాలయము తన రిజిస్టరును తానే శుద్ధిగా నుంచుకొని, తన చెవితో తానే సంతకము చేసి, ప్రభుత్వ నిక్షేపశాలలో నొక ప్రతి నుంచి, సంతకముతో కూడిన చదరమును కాగితపు పట్టముపై కూడ ముద్రింపవలెను. కాగితమును విడువరాదు, స్మార్టుఫోను లేని విద్యార్థులు ఇంకను మన గ్రామములలో గలరు. పరీక్షించుటకు విద్యార్థియొద్ద గాని, ఉద్యోగమిచ్చువారియొద్ద గాని రుసుము పుచ్చుకొనరాదు. రుసుమున్నచోట పరీక్ష తగ్గును; పరీక్ష తగ్గినచోట దొంగ పెరుగును. అడిగినంతవఱకే చూపవలెను, పట్టమున్నదా యని యడిగినవానికి తండ్రిపేరును, పుట్టినతేదీయు చూపనక్కఱలేదు.

అన్నిటికంటె ముఖ్యముగా, బదులు చెప్పు విధమును దిద్దుకొనవలెను. పద్ధతి చెప్పదగిన బదుళ్లు మూడు: ‘ఉన్నది’, ‘రద్దైనది’, ‘కనబడలేదు’. ఈ మూడవది ‘లేదు’ అనుటకు సమానము కాదు. ‘కనబడలేదు’ అని యంత్రము చెప్పినంతనే, పేరుగల యధికారి యొకడు పాత రిజిస్టరును తెఱచి, నిర్ణీతమైన కొలది దినములలో వెదకి, ఆ పిమ్మటనే బదులు వ్రాయవలెను. అంతవఱకు ‘విచారణలో నున్నది’ అని మాత్రమే యుద్యోగమిచ్చువారికి తెలుపవలెను. ఈ యొక్క నియమము ఆనాడుండినచో నా శిష్యురాలి యుద్యోగము నిలిచియుండెడిది.

ఆమె తరువాత మఱియొక చోట కుదురుకొన్నది. ఆ మాట చెప్పగలుగుట నాకు సంతోషము. కాని ఆమె యడిగిన ప్రశ్నకు నే నానాడు సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుచున్నాను. చదువు చెప్పినవారే సాక్షి. ఆ సాక్ష్యమును కంపెనీకి గాని, యంత్రమునకు గాని యప్పగించి చేతులు కడుగుకొనుటకు వీలులేదు. యంత్రము ఆ సాక్ష్యమును దూరమునకు మోసికొనిపోవు బంటు మాత్రమే. పద్ధతి నెన్నుకొనుటకు సభ కూర్చున్నప్పుడు, అమ్మకమునకు వచ్చినవారి మాటలతోపాటు, పట్టము చేతబట్టుకొని వరండాలో నిలుచున్న యా పిల్లల మాటలను కూడ విశ్వవిద్యాలయముల పెద్దలు వినవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.